వేలానికి పెట్టే ఫోటో ఎంత సైజు ఉండాలి? ఒక చిన్న మడత నేర్పిన పాఠం

ఫోన్ కెమెరా గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మనం చూసేవి దాదాపు ఒకటే. పోర్ట్రెయిట్‌లో అంచులు ఎలా వచ్చాయి, నైట్ మోడ్‌లో నాయిస్ ఎంత ఉంది, ఇన్‌స్టాలో పెడితే బాగుంటుందా లేదా. ఈసారి వేరే పరీక్ష పెడదాం. అదే ఫోన్‌తో ఒక పాత వస్తువు ఫోటో తీసి ఆన్‌లైన్ వేలంలో అమ్మాలి. కొనేవాళ్లు ఎక్కడో చెన్నైలోనో పుణెలోనో ఉంటారు. వస్తువుని చేత్తో పట్టుకుని తిప్పి చూసే అవకాశం వాళ్లకి లేదు. మీ ఫోటో చూసే పాట పెంచాలి.

ఇలాంటప్పుడు ఫోటో అందంగా ఉంటే సరిపోదు, నిజం చెప్పాలి. ఆ నిజం చెప్పడానికి ఎన్ని పిక్సెల్స్ కావాలి, వాటిని ఇంటర్నెట్‌లో ఉంచడానికి ఎంత ఖర్చవుతుంది? ఈ రెండు ప్రశ్నలకీ నేను తప్పు లెక్క వేసి మా మావయ్యని ఇబ్బందిలో పడేశాను. మీరు ఆ తప్పు చేయకూడదనే ఈ ఆర్టికల్.

అసలేం జరిగింది?

మాది బారువ. సోంపేట పక్కన, సముద్రం ఒడ్డున, లైట్‌హౌస్ ఉన్న ఊరు. మా మావయ్య పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకి స్టాంపుల పిచ్చి. ఒకప్పుడు మా ఉత్తరాంధ్ర తీరం నుంచి చాలామంది పని కోసం రంగం వెళ్లేవాళ్లు. రంగం అంటే రంగూన్, బర్మా. అలా వెళ్లొచ్చిన కుటుంబాల ఇళ్లల్లో, అటకల మీద, ట్రంకు పెట్టెల్లో పాత కవర్లు ఇంకా దొరుకుతుంటాయి. మావయ్య వాటిని కొని, శుభ్రం చేసి, ఆన్‌లైన్ వేలాల్లో మనదేశంలోని కలెక్టర్లకి అమ్ముతుంటాడు.

వాటికి విలువ ఎందుకంటే, 1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి విడదీశారు. కొత్త దేశానికి కొత్త స్టాంపులు వచ్చేలోపు, ఐదో జార్జి బొమ్మ ఉన్న ఇండియా స్టాంపుల మీదే ‘బర్మా’ అని అచ్చువేసి వాడారు. దీన్నే ఓవర్‌ప్రింట్ అంటారు. 1942లో జపాన్ సైన్యం వచ్చాక నెమలి బొమ్మ ఓవర్‌ప్రింట్లు కూడా వచ్చాయి. వాటికి నకిలీలు బోలెడు. అందుకే కలెక్టర్లు అక్షరం అంచు, సిరా రంగు, స్టాంపు చుట్టూ ఉండే పళ్లు, కాగితం మీద మడత, అన్నీ భూతద్దం పెట్టి చూస్తారు. ఒక్క మడత ఉంటే ధర సగానికి పడిపోవచ్చు.

ఆ సైట్‌లో ఫోటోకి లింకు ఇస్తే చాలు, అదే చూపిస్తుంది. ఫోటోలు ఎక్కడ ఉంచాలన్నది మన తలనొప్పి. ‘నేను చూసుకుంటాలే మావయ్యా’ అని ఒక క్లౌడ్ స్టోరేజ్‌లో అకౌంట్ తెరిచి, ఫోన్ నుంచి వచ్చిన ఒరిజినల్స్ అన్నీ అలాగే ఎక్కించేశాను. మొదటి నెల బిల్లు పదిహేను వందలు దాటింది. ఆ నెల మావయ్యకి మిగిలిన లాభం కూడా దాదాపు అంతే.

ఇంజినీర్‌ని కదా, వెంటనే ఒక స్క్రిప్టు రాశాను. ప్రతి ఫోటోనీ 800 పిక్సెల్స్‌కి తగ్గించి, జేపెగ్ క్వాలిటీ 40 పెట్టి, ఒక్కోటీ 60 కేబీకి దించేశాను. బిల్లు దాదాపు సున్నా. ఫ్రెండ్స్‌కి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మూడు వారాలకి మావయ్య నుంచి ఫోన్. “ఏట్రా అల్లుడూ, నాను మడత దాసీసి అమ్మినానంట!” చెన్నై కలెక్టర్ ఒకాయన 1,850 రూపాయలకి కొన్న కవరు వెనక్కి పంపేశాడు. స్టాంపు మీదుగా సన్నని మడత ఉందట, ఫోటోలో కావాలనే కనపడకుండా చేశారట. నేను మావయ్య ఫోన్‌లో ఉన్న ఒరిజినల్ తెప్పించుకుని చూశాను. మడత స్పష్టంగా ఉంది. సైట్‌లో ఉన్న ఫోటో చూశాను. మడత లేదు. దాన్ని చెరిపేసింది నా స్క్రిప్టే.

ముప్ఫై ఏళ్లు ఊళ్లో మనియార్డర్లు పంచినప్పుడు ఒక్క రూపాయి తేడా రాని మనిషికి మోసగాడన్న రివ్యూ పడింది. డబ్బు వాపసు ఇచ్చేశాం. రివ్యూ మాత్రం అలాగే ఉంది.

ఫ్రీ హోస్టింగ్ వెనక కథ

నాలాగే చౌక దారి వెతికినవాళ్లు ఆన్‌లైన్ వేలాలు మొదలైనప్పటి నుంచీ ఉన్నారు. ఈబే 1995లో మొదలైంది. మన దగ్గర 2000లో బాజీ డాట్ కామ్ వచ్చింది. దాన్ని 2004లో ఈబే కొనేసి ఈబే ఇండియాగా మార్చింది. 2017లో అది ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లింది, 2018 ఆగస్టులో మూతపడింది.

ఆ తొలి రోజుల్లో అమెరికా ఈబేలో మొదటి ఫోటోకి డబ్బులు లేవు, ఆ తర్వాత ప్రతి ఫోటోకీ కొన్ని సెంట్లు కట్టాలి. వంద వస్తువులు పెట్టే వాళ్లకి అది చిన్న ఖర్చేం కాదు. అందుకని చాలామంది ఫోటోల్ని బయట ఫ్రీ సైట్లలో ఉంచి, లిస్టింగ్‌లో ఆ లింకు పెట్టేవాళ్లు. దీన్నే హాట్‌లింకింగ్ అంటారు. 2003లో మొదలైన ఫోటోబకెట్ ఈ పనికి బాగా ఫేమస్.

2017 జూన్ చివర్లో ఫోటోబకెట్ రూల్ మార్చింది. బయటి సైట్లలో ఫోటో కనపడాలంటే ఏడాదికి 399.99 డాలర్ల ప్లాన్ తీసుకోవాలంది. రాత్రికి రాత్రి ఎన్నో వేలం లిస్టింగుల్లో వస్తువు ఫోటో పోయి, అప్‌గ్రేడ్ చేసుకోండన్న బొమ్మ వచ్చి కూర్చుంది. గొడవ పెద్దదయ్యాక 2018లో ధర బాగా తగ్గించింది కానీ, అప్పటికే చాలామంది నష్టపోయారు.

ఇది ఒక్క కంపెనీ కథ కాదు. ఫ్లికర్ 2013లో ఒక టీబీ ఫ్రీ ఇచ్చి, 2019 నుంచి ఫ్రీ అకౌంట్లని వెయ్యి ఫోటోలకి పరిమితం చేసింది. గూగుల్ ఫోటోస్ అన్‌లిమిటెడ్ ఫ్రీ స్టోరేజ్ 2021 జూన్ 1తో ఆగిపోయింది, ఇప్పుడు అంతా 15 జీబీ లెక్కలోకే వస్తుంది. ఫోటోలు ఉంచడానికీ, పంపడానికీ ఎవరో ఒకరు ఖర్చు పెడుతూనే ఉంటారు. ఆ ఖర్చు పెట్టేవాళ్లు మనసు మార్చుకున్న రోజు మన లిస్టింగ్ ఖాళీ.

అందుకే మొదటి సలహా. మీరు అమ్మే సైటే ఫోటోలు ఉంచుకునే సౌకర్యం ఇస్తే, కళ్లు మూసుకుని అదే వాడండి. ఈబేలో ఇప్పుడు ఒక్కో లిస్టింగ్‌కి 24 ఫోటోల దాకా ఫ్రీ. పొడవు వైపు కనీసం 500 పిక్సెల్స్ ఉండాలి, 1600 ఉంటే మంచిదని వాళ్లే చెబుతారు. ఈ 1600 అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. గూగుల్ డ్రైవ్, గూగుల్ ఫోటోస్ షేరింగ్ లింకుల్ని మాత్రం ఇమేజ్ లింకుల్లా వాడకండి. అవి అందుకోసం చేసినవి కావు.

ఖర్చు దాచడానికి కాదు, పంపడానికి

సొంతంగా హోస్ట్ చేయాల్సి వస్తే బిల్లు ఎక్కడ పెరుగుతుందో ముందు తెలియాలి. చాలామంది స్టోరేజ్ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక లెక్క వేద్దాం.

మీ దగ్గర 200 లిస్టింగులు ఉన్నాయి, ఒక్కోదానికి 8 ఫోటోలు. మొత్తం 1600 ఫోటోలు. ఫోన్ నుంచి వచ్చిన ఒరిజినల్ సుమారు 4 ఎంబీ అనుకుంటే మొత్తం 6.4 జీబీ. అమెజాన్ ఎస్3 ముంబై రీజియన్‌లో స్టాండర్డ్ స్టోరేజ్ లిస్ట్ ధర జీబీకి నెలకి 0.025 డాలర్లు. అంటే నెలకి 16 సెంట్లు. టీ ఖర్చు.

ఇప్పుడు ఒక్కో లిస్టింగ్‌ని నెలలో 50 మంది చూశారనుకోండి. 200 ఇంటూ 50 ఇంటూ 8, మొత్తం 80,000 సార్లు ఫోటో మీ సర్వర్ నుంచి బయటికి వెళ్లింది. ఒక్కోటీ 4 ఎంబీ అయితే 320 జీబీ. బయటికి పంపే డేటా ధర ముంబై నుంచి జీబీకి 0.1093 డాలర్లు. మొదటి 100 జీబీ ఫ్రీ కాబట్టి మిగిలిన 220 జీబీకి 24 డాలర్లు. మన డబ్బుల్లో రెండు వేల పైమాటే. దాచడానికి 16 సెంట్లు, పంపడానికి 24 డాలర్లు. నా మొదటి నెల బిల్లు రహస్యం ఇదే.

అవే ఫోటోలు 400 కేబీవి అయితే? 80,000 సార్లు వెళ్లినా 32 జీబీ. ఫ్రీ లిమిట్ లోపలే. అంటే బిల్లు సున్నా చేయడానికి 60 కేబీ దాకా దిగాల్సిన అవసరమే లేదు! 400 కేబీ దగ్గర ఆగితే సరిపోయేది. నేను లెక్క వేయకుండా భయంతో గొడ్డలి వేశాను.

ఇంకో మూడు చిట్కాలు. ఒకటి, లిస్ట్ పేజీలో పెద్ద ఫోటో పెట్టకండి. 300 పిక్సెల్స్ థంబ్‌నెయిల్ పెట్టి, నొక్కినప్పుడే పెద్దది తెరుచుకునేలా చేయండి. చూసే 50 మందిలో ఎనిమిది ఫోటోలూ తెరిచేవాళ్లు కొద్దిమందే. రెండు, పంపే డేటాకి డబ్బులు తీసుకోని సర్వీసులు కూడా ఉన్నాయి. క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2లో 10 జీబీ దాకా స్టోరేజ్ ఫ్రీ, ఆపైన జీబీకి 0.015 డాలర్లు, బయటికి వెళ్లే డేటాకి చార్జీ లేదు. మూడు, ఏది వాడినా అకౌంట్ తెరిచిన రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి. బీటెక్‌లో ఎవరూ చెప్పరు కానీ, క్లౌడ్‌లో మొదటి పాఠం అదే.

పిక్సెల్ లెక్క: మడతని బట్టి సైజు

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎంత రిజల్యూషన్ కావాలి? ‘వీలైనంత ఎక్కువ’ అన్నది జవాబు కాదు. నేను ఇప్పుడు వాడే పద్ధతి ఇది. కొనేవాళ్లకి కనపడి తీరాల్సిన అతి చిన్న లోపం ఏమిటి? దాని వెడల్పు ఎంత? అక్కడి నుంచి వెనక్కి లెక్క వేయండి.

మా కవరు పొడవు 150 మిల్లీమీటర్లు. మడత వెడల్పు 0.1 మిల్లీమీటరు, తలవెంట్రుక కంటే కాస్త ఎక్కువ. నా స్క్రిప్టు 800 పిక్సెల్స్‌కి తగ్గించింది. 150ని 800తో భాగిస్తే ఒక్కో పిక్సెల్ 0.19 మిల్లీమీటర్లు. అంటే మడత ఒక్క పిక్సెల్ కూడా నిండా లేదు, సుమారు సగమే. కాగితం రంగూ మడత రంగూ కలిసి ఒకే పిక్సెల్‌లో సగటు అయిపోయాయి. ముదురు గీత కాస్తా లేత నీడ అయింది.

1600 పిక్సెల్స్‌కి పెడితే? ఒక్కో పిక్సెల్ 0.094 మిల్లీమీటర్లు. మడత ఒక్క పిక్సెల్ వెడల్పులో కనపడుతుంది. కనపడీ కనపడనట్టు. ఒక లోపం నమ్మకంగా కనపడాలంటే కనీసం రెండు పిక్సెల్స్, వీలైతే మూడు నాలుగు ఉండాలి. అలా చూస్తే మొత్తం కవరుని 3000 నుంచి 6000 పిక్సెల్స్‌తో పెట్టాలి. ఫైలు పెద్దది, ఖర్చు ఎక్కువ. పైగా చాలా సైట్లు పెద్ద ఫోటోని వాటంతట అవే తగ్గించేస్తాయి.

దీనికి పరిష్కారం చాలా సింపుల్. మొత్తం కవరుకి 1600 పిక్సెల్స్ ఫోటో ఒకటి. మడత ఉన్న చోట 40 మిల్లీమీటర్ల మేర మాత్రమే దగ్గరగా తీసిన 1600 పిక్సెల్స్ ఫోటో ఇంకొకటి. రెండో ఫోటోలో ఒక్కో పిక్సెల్ 0.025 మిల్లీమీటర్లు. అదే మడత ఇప్పుడు నాలుగు పిక్సెల్స్ వెడల్పు, ఎవరికైనా కనపడుతుంది. అదనపు ఖర్చు ఒక్క 400 కేబీ ఫైలు.

జేపెగ్ ఏం తింటుంది?

సైజు తగ్గించడం సగం తప్పే. మిగతా సగం క్వాలిటీ 40 పెట్టడం. 1992 నుంచి వాడుకలో ఉన్న జేపెగ్, ఫోటోని 8 ఇంటూ 8 పిక్సెల్స్ గళ్లుగా విడగొడుతుంది. ఒక్కో గడిలో నెమ్మదిగా మారే వెలుగునీడల్ని ఉంచి, చకచకా మారే సన్న వివరాల్ని మొదట పారేస్తుంది. మన కంటికి మనిషి ముఖంలోనో ఆకాశంలోనో ఆ తేడా తెలియదు. కానీ స్టాంపు మీద మడత, పెన్సిల్ గీత, ఓవర్‌ప్రింట్ అక్షరం అంచు, ఇవన్నీ ఆ ‘సన్న వివరాలే’. మనం అమ్మే వస్తువు విలువ దేని మీద ఆధారపడి ఉందో సరిగ్గా దాన్నే జేపెగ్ ముందు తీసేస్తుంది.

రంగు విషయంలో ఇంకా పొదుపు. మామూలు సెట్టింగుల్లో జేపెగ్ రంగు సమాచారాన్ని అడ్డంగా సగం, నిలువుగా సగం చేసి ఉంచుతుంది. నలుగురు పిక్సెల్ అన్నదమ్ములకి ఒకటే రంగు అన్నమాట.

కాబట్టి క్వాలిటీ 80 నుంచి 85 మధ్య ఉంచండి. 1600 పిక్సెల్స్ ఫోటో అక్కడ సుమారు 300 నుంచి 500 కేబీ వస్తుంది. ఒరిజినల్ నుంచి ఒక్కసారే తగ్గించండి. తగ్గించిన దాన్ని తెరిచి, కత్తిరించి, మళ్లీ సేవ్ చేస్తే ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. బ్రౌజర్‌లోనే పనిచేసే స్క్వూష్‌లో పక్కపక్కనే పెట్టి తేడా చూడొచ్చు. వందల ఫోటోలు ఉంటే ఇమేజ్‌మ్యాజిక్ కమాండ్ ఒక్క లైను చాలు. అయితే స్క్రిప్టు నడిపాక కనీసం పది ఫోటోలు వంద శాతం జూమ్‌లో మీ కళ్లతో చూడండి. నేను ఎగ్గొట్టిన స్టెప్ ఇదే.

ఇంట్లో వాళ్లు ఫోటోలు వాట్సాప్‌లో పంపుతుంటే ఇంకో జాగ్రత్త. మామూలుగా పంపితే ఫోటో తగ్గిపోయి వస్తుంది. 2023లో హెచ్‌డీ ఆప్షన్ వచ్చింది కానీ అది కూడా ఒరిజినల్ కాదు. డాక్యుమెంట్‌గా పంపితేనే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. అలా ఒరిజినల్ పంపినప్పుడు ఫోటో తీసిన చోటు జీపీఎస్ వివరాలు కూడా ఫైల్లో ఉండొచ్చు. పబ్లిక్ లింకులో పెట్టే ముందు ఆ డేటా తీసేయండి. మీ ఇల్లెక్కడో పాట పాడేవాళ్లందరికీ తెలియాల్సిన పని లేదు.

ఫోన్ స్పెక్స్‌లో చూడాల్సింది ఏమిటి?

మనం 1600 పిక్సెల్స్ దగ్గర ఆగుతున్నాం. అంటే రెండు మెగాపిక్సెల్స్ లోపే! 108 మెగాపిక్సెల్ ఫోన్ కొంటేనే అమ్మగలం అనుకోవద్దు. ఆ ఫోన్లు కూడా మామూలు మోడ్‌లో తొమ్మిది పిక్సెల్స్ కలిపి ఒకటి చేసి 12 మెగాపిక్సెల్ ఫోటోనే ఇస్తాయి. 50 మెగాపిక్సెల్ ఫోన్లు నాలుగు కలిపి 12.5 ఇస్తాయి. మంచి ఫోకస్, మంచి వెలుతురు ఉంటే అది చాలు.

బడ్జెట్ ఫోన్లలో వచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరాని మర్చిపోండి. మెయిన్ కెమెరాతోనే కాస్త దూరం నుంచి తీసి కత్తిరించుకుంటే అంతకంటే బాగా వస్తుంది. మరీ దగ్గరికి పోతే మెయిన్ కెమెరా ఫోకస్ అందుకోలేదు. బ్యూటీ, ఏఐ ఎన్‌హాన్స్ లాంటివి ఆపేయండి. ముఖం మీద ముడతలు తీసేయడానికి చేసిన సాఫ్ట్‌వేర్ కాగితం మీద మడతని వదిలిపెడుతుందా?

మా ఊళ్లో ఇంకో ఇబ్బంది ఉంది. సముద్రపు గాలికి లెన్స్ మీద జిడ్డు పొర పడుతుంది. ఫోటో మసకగా వస్తే ఫోన్‌ని తిట్టే ముందు మెత్తటి గుడ్డతో లెన్స్ తుడవండి. వెలుతురుకి వీధి అరుగు మీద నీడపట్టు చాలు, నేరుగా ఎండ వద్దు, ఫ్లాష్ అసలే వద్దు. మడత, గీత చూపించాలంటే వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టండి. అప్పుడే దాని నీడ తెలుస్తుంది. నేరుగా పైనుంచి పడితే మడత ఫ్లాట్ అయిపోతుంది.

కవర్లు, స్టాంపుల లాంటి చదును వస్తువులకి ఆల్-ఇన్-వన్ ప్రింటర్‌లో ఉండే స్కానర్ ఇంకా మంచిది. కవరుకి 600 డీపీఐ, స్టాంపుకి 1200 డీపీఐ పెట్టండి. రెండున్నర సెంటీమీటర్ల లోపు ఉండే స్టాంపు 300 డీపీఐలో మూడు వందల పిక్సెల్స్ కూడా రాదు. నాణేలకి మాత్రం స్కానర్ వద్దు. ఈ చవక స్కానర్లలో ఫోకస్ లోతు తక్కువ, అద్దానికి కాస్త ఎత్తులో ఉన్నది మసకబారుతుంది.

రంగు తప్పితే? పలాస జీడిపప్పుని అడగండి

స్టాంపులు మీకు సంబంధం లేదనుకుంటే మా పక్కనే ఉన్న పలాస ఉదాహరణ చూడండి. జీడిపప్పు గ్రేడ్లలో డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని ఉంటాయి. డబ్ల్యూ అంటే తెల్లటి గుండు పప్పు, అంకె అంటే ఒక పౌండుకి గరిష్ఠంగా ఎన్ని పప్పులు తూగుతాయో. అంకె తక్కువైతే పప్పు పెద్దది, ధర ఎక్కువ. అదే పప్పు వేడికి కాస్త ఎర్రబారితే స్కార్చ్‌డ్ గ్రేడ్‌లోకి పోతుంది, ధర తగ్గుతుంది.

రాత్రి పసుపు బల్బు కింద ఫోటో తీస్తే తెల్ల పప్పు కూడా ఎర్రబారినట్టు కనపడుతుంది, మీకు నష్టం. ఫోన్ ఏఐ దాన్ని తెల్లగా చేసేస్తే ఎర్రబారిన పప్పు మేలురకంలా కనపడుతుంది, కొన్నవాళ్లకి నష్టం, సరుకు వెనక్కి వస్తుంది. పరిష్కారం పది పైసల ఖర్చు. పక్కన ఒక తెల్ల ప్రింటింగ్ పేపర్ పెట్టి పగటి వెలుతురులో తీయండి. ఎడిటింగ్‌లో ఆ పేపర్ తెల్లగా కనపడే దాకా వైట్ బ్యాలెన్స్ సరిచేయండి, పప్పుని ముట్టుకోకండి. సైజు తెలియడానికి ఒక స్కేలు కూడా ఫోటోలో ఉండాలి.

హోస్టింగ్ అంటే బ్యాకప్ కాదు

చివరిగా ఒక పాత నష్టం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా తీరం మీదే విరుచుకుపడింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకూలిన సంగతి అందరికీ తెలుసు. అప్పుడు నేను బీటెక్ చదువుతున్నాను. మావయ్య ఇంటి పైరేకులు ఎగిరిపోయి, స్కాన్లన్నీ ఉన్న కంప్యూటర్ తడిసి పోయింది. కరెంటు వచ్చాక హార్డ్ డిస్క్ లేవలేదు. వేలం సైట్‌లో ఉన్న ఫోటోలు తెచ్చుకుందామంటే అవన్నీ చిన్న సైజువి. అమ్మేసిన కవర్లని మళ్లీ స్కాన్ చేయలేం కదా. పదేళ్ల పనికి మిగిలింది థంబ్‌నెయిల్స్.

అందుకే ఇప్పుడు మాది 3-2-1 పద్ధతి. ప్రతి ఒరిజినల్‌కీ మూడు కాపీలు, రెండు రకాల డివైజుల్లో, అందులో ఒకటి ఊరికి దూరంగా. ఒకటి మావయ్య కంప్యూటర్‌లో, ఒకటి బీరువాలో ఉండే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో ఎవరికీ కనపడని ప్రైవేట్ ఫోల్డర్‌లో. ఆ చివరిది దాదాపు ఎవరూ డౌన్‌లోడ్ చేయరు కాబట్టి ఖర్చు పైసల్లోనే. పైన వేసిన లెక్క గుర్తుంది కదా, దాచడం చవక.

మీ పని, ఈ వారాంతానికి

ఇంట్లో ఉన్న పాత నాణెమో కవరో తీసుకోండి. దాని మీద అతి చిన్న లోపం వెతికి, వెడల్పు అంచనా వేయండి. మొత్తం వస్తువుకి ఒక ఫోటో, లోపం ఉన్న చోట ఒక ఫోటో తీయండి. రెండూ 1600 పిక్సెల్స్, క్వాలిటీ 85లో సేవ్ చేయండి. తర్వాత 800, క్వాలిటీ 40లో చేసి పక్కన పెట్టి చూడండి. ఫోటోలు వస్తువు తెలియని ఫ్రెండ్‌కి పంపి, ఏం లోపం ఉందో చెప్పమనండి. చెప్పగలిగితే మీ ఫోటో పాసైనట్టు.

ఆ చెన్నై కవరుని మేం మళ్లీ వేలానికి పెట్టాం. రెండో ఫోటో పూర్తిగా ఆ మడతదే, పక్క నుంచి వెలుతురు పడేలా తీసింది. వివరణలో మొదటి లైను కూడా మడత గురించే రాశాం. ఈసారి 1,300 వచ్చింది. ఐదొందల యాభై తక్కువ. నేను కాస్త బాధపడుతుంటే మావయ్య ఫోన్‌లో ఆ రెండో ఫోటోని జూమ్ చేసి చూస్తూ అన్నాడు: “ఇదీ మడతంటే! ముందే ఇలాగ ఎట్టుంటే ఆడు నన్నెందుకు తిడతాడ్రా?”